గిన్నె మూత తీసి చూసిన అధ్యక్షుని భార్య



లూకా సువార్త 8వ అధ్యాయం మొదట్లో ఒక స్త్రీ పేరు కనబడుతుంది. మనం చాలాసార్లు ఆ పేరును చదివి దాటిపోతాం. ఆమె యోహన్న. హేరోదు దగ్గర గృహనిర్వాహకుడుగా ఉన్న కూజాకు ఆమె భార్య. అంటే రాజభవనానికి దగ్గరి మనిషి. బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించిన ఆ రాజు ఇంటి ఉప్పు తిన్న కుటుంబం. అయితే ఆమె తన ఆస్తిని, తన కాళ్లను ఎటు నడిపించిందో లూకా రాశాడు. అధికారానికి ప్రక్కన నిలబడిన మనిషి ఆ దగ్గరితనాన్ని దేనికి వాడాలి? ఈరోజు మనం ఆలోచించబోయే ప్రశ్న అదే. దానికోసం చరిత్రలోనుండి ఒక స్త్రీ జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. ఆమె పేరు ఎలినార్ రూజ్వెల్ట్. 1933 నుండి 1945 వరకు అమెరికా అధ్యక్షుడుగా ఉన్న ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ గారి భార్య.

ముందుగా ఒక మాట. ఆమెను పరిశుద్ధురాలిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆమె జీవితంలో గెలుపులున్నాయి, ఓటములున్నాయి, మౌనంగా ఉండిపోయిన రోజులు కూడా ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తేనే మనకు పాఠం దొరుకుతుంది.

ఎలినార్ 1884 అక్టోబరు 11న న్యూయార్క్ నగరంలో, ధనవంతుల కుటుంబంలో పుట్టింది. డబ్బుకు లోటు లేదు గాని ప్రేమకు లోటు. తల్లి చాలా అందగత్తె. కూతురు అందంగా లేదని, ముసలమ్మలా గంభీరంగా ఉంటుందని ఆమెకు బాధ. ఆ పిల్లను 'అవ్వ' అని పిలిచేది. 1892లో ఆ తల్లి కంఠసర్పి వ్యాధితో చనిపోయింది. మరుసటి ఏడు ఒక తమ్ముడు పోయాడు. 1894లో తండ్రి పోయాడు. ఆయన తాగుడుకు బానిస. అయినా ఆ పిల్లను ప్రాణంగా ప్రేమించినవాడు ఆయనొక్కడే. పదేళ్లు నిండకముందే ఎలినార్ తల్లిదండ్రులు లేని పిల్ల అయింది. అమ్మమ్మ ఇంట్లో, కట్టుబాట్ల మధ్య, భయంభయంగా పెరిగింది.

15వ ఏట ఆమెను ఇంగ్లండుకు, లండన్ దగ్గరున్న అలెన్స్‌వుడ్ అనే పాఠశాలకు పంపారు. అక్కడ మేరీ సువెస్త్ర్ అనే ఫ్రెంచి ప్రధానోపాధ్యాయురాలు ఈ పిరికి పిల్లను దగ్గరకు తీసి, సొంతంగా ఆలోచించడం నేర్పింది. పుస్తకంలో ఉన్నది అప్పజెప్పితే ఆమె ఒప్పుకునేది కాదు, నువ్వేమనుకుంటున్నావో చెప్పమనేది. ఒక మంచి టీచరు ఒక జీవితాన్ని ఎంత మార్చగలదో చూడండి. ఆమె ఫోటోను ఎలినార్ జీవితాంతం దగ్గర ఉంచుకుంది.

1902లో ఆమె న్యూయార్క్ తిరిగివచ్చింది. ఆ నగరంలో రివింగ్టన్ స్ట్రీట్ అనే పేదవాడలో ఒక సేవాకేంద్రం ఉండేది. వలస వచ్చిన యూదుల పిల్లలు, ఇటలీవాళ్ల పిల్లలు అక్కడికి వచ్చేవారు. ఎలినార్ వాళ్లకు వ్యాయామం, నృత్యం నేర్పడానికి వెళ్లేది. పెద్దింటి అమ్మాయిలు గుర్రపు బండిలో వచ్చి పోతుంటే, ఈమె అందరిలాగే బండెక్కి, కొంత దూరం నడిచి వెళ్లేది. ఆ దారిలో భయం వేసేదని తర్వాత ఆమే రాసుకుంది.

ఒకరోజు అక్కడ ఒక చిన్నపిల్లకు జబ్బు చేసింది. ఆ రోజు ఎలినార్‌ను కలవడానికి వచ్చిన దూరపు బంధువు, యువకుడైన ఫ్రాంక్లిన్, ఆ పిల్లను ఇంటికి చేర్చడానికి తోడు వెళ్లాడు. చీకటి మెట్లు, గాలి ఆడని గదులు, ఒక్కో గదిలో ఒక్కో సంసారం. బయటికి వచ్చాక ఆ యువకుడు, మనుషులు ఇలా బ్రతుకుతారని తనకు తెలియదని ఆశ్చర్యపోయాడు. తర్వాతి కాలంలో అమెరికాను పాలించిన మనిషికి పేదల ఇల్లు లోపలినుండి చూపించింది ఈ అమ్మాయేనన్న మాట. ఈ సంఘటనను గుర్తుపెట్టుకోండి. ఆమె జీవితమంతా చేసిన పని ఇదే. చూడనివాళ్లను తీసుకెళ్లి చూపించడం, రాలేనివాళ్లకు వచ్చి చెప్పడం.

1905 మార్చి 17న వారిద్దరికీ వివాహమైంది. తండ్రి లేని ఆమెను చేయిపట్టి అప్పగించినవాడు ఆమె పెదతండ్రి, అప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్. తర్వాత పదేళ్లలో ఆరుగురు పిల్లలు. వారిలో ఒక మగబిడ్డ 1909లో పసికందుగానే చనిపోయాడు. ఇల్లంతా అత్తగారి పెత్తనం. ఆ రోజుల్లో ఎలినార్‌కు స్త్రీల ఓటు హక్కు విషయంలో కూడా ఆసక్తి లేదు. తన వర్గంవాళ్లకు పరాయి మతస్థుల పట్ల ఉండే చిన్నచూపు ఆమెలోనూ ఉండేది. ఎవరూ సంస్కర్తలుగా పుట్టరు.

1918లో ఆమె గుండె పగిలింది. జబ్బుతో ఇంటికి వచ్చిన భర్త సామాను సర్దుతుంటే, మరో స్త్రీ రాసిన ప్రేమ ఉత్తరాలు ఆమె చేతికి దొరికాయి. సంసారం విడిపోలేదు గాని మునుపటిలా కలవలేదు. మూడేళ్ల తర్వాత, 1921 ఆగస్టులో, 39 ఏళ్ల వయసులో ఫ్రాంక్లిన్‌కు పోలియో వచ్చింది. కాళ్లు పడిపోయాయి. ఇక రాజకీయాలు చాలు, ఇంటిపట్టున ఉండమని తల్లి పట్టుబట్టింది. అత్తగారికి ఎదురు చెప్పడం తెలియని కోడలు మొదటిసారి గట్టిగా నిలబడింది. ఆయన మళ్లీ ప్రజాజీవితంలోకి వెళ్లాలి అన్నది. తనను అంతగా గాయపరచిన మనిషి పనికిరానివాడుగా మూలన కూర్చోకూడదని ఆమె పోరాడింది.

లూయీ హౌ అనే పాత్రికేయుడు, భర్తకు ఆప్తమిత్రుడు, ఆమెకు ఉపన్యాసం నేర్పాడు. ఆమె గొంతు సన్నం, భయం వేస్తే నవ్వేసేది. ఆయన సభలో వెనుక కూర్చుని విని, ఇంటికి వచ్చాక తప్పులు చెప్పేవాడు. 1922లో ఆమె స్త్రీ కార్మికుల సంఘంలో చేరింది. బట్టల మిల్లుల్లో, కుట్టు పనిలో ఉన్న స్త్రీల పని గంటలు, జీతాలు, పిల్లల చేత పని చేయించడం, ఈ సంగతులు పుస్తకంలోనుండి కాదు, ఆ స్త్రీల నోటనే తెలుసుకుంది. 1927నుండి ఒక బాలికల పాఠశాలలో చరిత్ర, సాహిత్యం బోధించింది.

ఇక ఇప్పుడు మన సందేశానికి పేరు పెట్టిన సంగతికి వస్తున్నాను. జాగ్రత్తగా గమనించండి.

1928లో ఫ్రాంక్లిన్ న్యూయార్క్ రాష్ట్ర గవర్నరుగా గెలిచాడు. రాష్ట్రం నడిపే ఆసుపత్రులను, పిచ్చాసుపత్రులను, జైళ్లను తనిఖీ చేయాలి. ఆయన మెట్లెక్కి తిరగలేడు. అందుకని కారులో కూర్చుని అధికారితో ఆవరణ చుట్టూ తిరిగేవాడు. భార్యను లోపలికి పంపేవాడు. బయటికి వచ్చాక అడిగేవాడు: లోపల రోగులకు ఏమి పెడుతున్నారు? ఆమె గోడకు తగిలించిన భోజన పట్టిక చదివి వచ్చి చెప్పేది. ఆయన ఊరుకునేవాడు కాదు. కాగితం మీద రాసింది సరే, నిజంగా వాళ్లకు అదే పెడుతున్నారా, నువ్వు చూశావా? ఆమె దగ్గర జవాబు లేదు.

అప్పటినుండి ఆమె నేరుగా వంటగదిలోకి వెళ్లడం మొదలుపెట్టింది. పొయ్యి మీదున్న గిన్నె మూత తీసి చూసేది. మంచాలు మరీ దగ్గర దగ్గరగా వేసి ఉన్నాయా అని చూసేది. పగలు మడిచి అలమారాలో దాచి, రాత్రికి నడవలో వేసే మంచాలు ఏమైనా ఉన్నాయా అని వెతికేది. పనివాళ్లు దగ్గరికి వస్తే రోగుల ముఖాలు ఎలా మారుతున్నాయో గమనించేది. కొన్నాళ్లకు ఆమె నివేదికలు ఎంత బాగా తయారయ్యాయంటే, గవర్నరు వాటిమీదే ఆధారపడేవాడు.

ప్రియులారా, పట్టిక వేరు, గిన్నె వేరు. మన ప్రాంతాల్లో హాస్టలు గోడమీద సోమవారం గ్రుడ్డు, బుధవారం అరటిపండు అని రంగులతో రాసి ఉంటుంది. దాన్ని చదివి తృప్తిపడి వెళ్లిపోయే పెద్దలు చాలామంది. గరిటె పెట్టి పప్పు ఎంత పలచగా ఉందో చూసేవాళ్లు కొద్దిమంది. సంఘంలో కూడా అంతే. విధవరాండ్ర సహాయనిధి అని వార్షిక నివేదికలో ఒక వరుస ఉంటుంది. ఆ ముసలమ్మ ఇంటికి వెళ్లి బియ్యపు డబ్బా మూత తీసి చూసిందెవరు?

1933 మార్చి 4న ఫ్రాంక్లిన్ అధ్యక్షుడుగా ప్రమాణం చేశాడు. అది మహా ఆర్థిక మాంద్యపు కాలం. పనిచేయగలిగినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. బ్యాంకులు మూతపడ్డాయి. అధ్యక్షుని భార్యకు రాజ్యాంగం ప్రకారం ఏ పదవీ లేదు, జీతం లేదు, ఒక్క కాగితం మీద సంతకం పెట్టే అధికారం లేదు. అతిథులను ఆహ్వానించడం, విందులు ఏర్పాటు చేయడం, ఇంతే ఆమె పని అనుకునేవారు. మరి ఎలినార్ ఏమి చేసింది?

రెండు రోజులకే, మార్చి 6న, ఆమె పత్రికా విలేకరుల సమావేశం పెట్టింది. స్త్రీ విలేకరులకు మాత్రమే ప్రవేశం. ఆ రోజుల్లో పత్రికలు ముందుగా స్త్రీల ఉద్యోగాలే తీసివేసేవి. ఆమె వార్త కావాలంటే స్త్రీ విలేకరిని ఉంచుకోక తప్పదు. 1945 వరకు అలాంటి సమావేశాలు 348 జరిగాయి. ఉపన్యాసం చెప్పకుండానే ఎంతోమంది స్త్రీల జీతం నిలబెట్టిందన్న మాట.

అదే సంవత్సరం మే నెలలో, మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన మాజీ సైనికులు తమకు రావలసిన సొమ్ము అడగడానికి రాజధానికి వచ్చారు. అంతకుముందు ఏడాది, 1932లో, అలా వచ్చినవాళ్లను అధ్యక్షుడు హూవర్ కాలంలో సైన్యం బాష్పవాయువుతో తరిమివేసింది. ఈసారి ఎలినార్ కారు దిగి, బురదలో నడిచి, వాళ్ల శిబిరంలోకి వెళ్లింది. భోజనం వరుసలు చూసింది, వాళ్లతో మాట్లాడింది, వాళ్లు యుద్ధకాలపు పాటలు పాడుతుంటే తానూ గొంతు కలిపింది. హూవర్ సైన్యాన్ని పంపాడు, రూజ్వెల్ట్ భార్యను పంపాడు అన్న మాట అప్పట్లో పుట్టిందే. వాళ్లు అడిగిన సొమ్ము ఆ రోజు దొరకలేదు. అయితే వాళ్లను శత్రువులుగా గాక మనుషులుగా చూడడం దొరికింది.

ఆ ఆగస్టులో ఆమె వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో స్కాట్స్ రన్ అనే బొగ్గుగనుల లోయకు వెళ్లింది. గనులు మూతబడి, ఏళ్ల తరబడి పనిలేని కుటుంబాలు. మురికి కలిసిన వాగునీళ్లే త్రాగునీళ్లు. ఆమె తిరిగివచ్చి భర్తకు చెప్పింది. ఫలితంగా ఆర్థర్‌డేల్ అనే కొత్త ఊరు కట్టారు. 165 ఇళ్లు, కరెంటు, నీళ్లు, బడి, సాగుకు కొంత భూమి. ఖర్చు అనుకున్నదానికన్నా చాలా పెరిగింది. వాళ్లకు పని ఇచ్చే పరిశ్రమలు నిలబడలేదు. విమర్శలు చాలా వచ్చాయి.

అయితే ఆ ఊరి విషయంలో ఆమెకు తగిలిన అసలు దెబ్బ డబ్బు గురించి కాదు. ఆ గనుల్లో నల్లవారు, తెల్లవారు, వలస వచ్చినవారు కలిసి పనిచేశారు, కలిసి ఆకలిపడ్డారు. ఇళ్లు మాత్రం అమెరికాలో పుట్టిన తెల్లవారికే ఇచ్చారు. నల్లవారిని చేర్చుకోమని ఆమె అడిగింది. అక్కడ ఇళ్లు పొందినవాళ్లే ఒప్పుకోలేదు. నిన్నటిదాకా తామే దిక్కులేనివాళ్లు, ఇవాళ తలుపు మూసినవాళ్లు. మనకు ఇది కొత్త సంగతి కాదు. ఊరికి వెలుపల ఉంచబడిన బాధ అనుభవించిన తల్లిదండ్రుల బిడ్డలే, తమకన్నా క్రిందివాళ్లనుకున్నవారితో బల్లదగ్గర కూర్చోవడానికి వెనుకాడిన సంఘాలు లేవా?

ఇక ఇంతకన్నా చేదైన ఓటమి ఒకటి చెప్పాలి. ఆ కాలంలో దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి మనుషులను మూకలు పట్టుకుని, విచారణ లేకుండా, చెట్లకు వేలాడదీసి చంపేవి. దానిని లించింగ్ అంటారు. చంపినవాళ్లకు శిక్ష పడేది కాదు. దీన్ని ఆపడానికి 1934లో కేంద్ర చట్టసభలో ఒక బిల్లు వచ్చింది. నల్లవారి హక్కుల సంఘం నాయకుడు వాల్టర్ వైట్‌ను ఎలినార్ స్వయంగా తీసుకెళ్లి భర్తతో మాట్లాడించింది. అధ్యక్షుడు విన్నాడు. బిల్లు మంచిదేనని ఒప్పుకున్నాడు. కాని బహిరంగంగా దాని వెనుక నిలబడలేదు. కారణం? చట్టసభలో ముఖ్యమైన కమిటీలన్నీ దక్షిణాది సభ్యుల చేతుల్లో ఉన్నాయి. వాళ్లకు కోపం వస్తే, ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చే తన చట్టాలన్నీ ఆగిపోతాయని ఆయన లెక్క. బిల్లు వీగిపోయింది. ఆ నేరానికి ప్రత్యేకమైన కేంద్ర చట్టం అమెరికాలో ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2022 మార్చిలో. ఎలినార్ చనిపోయిన దాదాపు 60 ఏళ్లకు.

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. ప్రక్కనున్నవారి అధికారం ఎరువు తెచ్చుకున్న అధికారం. ఇచ్చినవాళ్లు కాదంటే అది అక్కడితో ఆగిపోతుంది. అప్పుడేమి చేయాలి? అలిగి ఊరుకోవాలా? ఆమె ఊరుకోలేదు. నేను బహిరంగంగా మాట్లాడితే నీకేమైనా అభ్యంతరమా అని భర్తను అడిగింది. ఆయన వద్దనలేదు. చేయించలేకపోయిన చోట కనీసం నిలబడి కనబడాలని ఆమె నిర్ణయించుకుంది.

1938 నవంబరులో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఒక పెద్ద సభ జరిగింది. అక్కడి చట్టం ప్రకారం నల్లవారు ఒక ప్రక్క, తెల్లవారు ఒక ప్రక్క కూర్చోవాలి. పోలీసులు దగ్గరుండి ఆ ఏర్పాటు చేయించారు. ఎలినార్ రెండు వర్గాల మధ్యనున్న దారిలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ కుర్చీయే మాట్లాడింది.

మరుసటి సంవత్సరం, 1939లో, గొప్ప గాయని మేరియన్ ఆండర్సన్‌కు రాజధానిలోని కాన్‌స్టిట్యూషన్ హాలులో పాడడానికి అనుమతి దొరకలేదు. ఆమె నల్లజాతి స్త్రీ. ఆ హాలు ఒక ప్రముఖ స్త్రీల సంఘానిది. అందులో ఎలినార్ కూడా సభ్యురాలే. ఆమె సభ్యత్వానికి రాజీనామా చేసి, తన పత్రికా వ్యాసంలో ఆ సంఘం పేరు కూడా ఎత్తకుండా ఆ సంగతి రాసింది. దేశమంతా చదివింది. ఆ తర్వాత ఏప్రిల్ 9న, ఈస్టరు ఆదివారం నాడు, లింకన్ స్మారక మందిరం మెట్లమీద మేరియన్ ఆండర్సన్ పాడింది. 75,000 మంది నిలబడి విన్నారు, రేడియోలో లక్షలమంది విన్నారు. మరో విషయం గమనించండి. ఎలినార్ ఆ రోజు ఆ సభకు రాలేదు. పాటకత్తె మీద ఉండవలసిన చూపు ఆమెమీదే ఉండిపోయింది.

ఆమె దినచర్య వ్యాసాలు 1935 డిసెంబరునుండి 1962 వరకు, చాలా ఏళ్లపాటు వారానికి ఆరు రోజులు, దేశమంతటా పత్రికల్లో వచ్చాయి. చూసినదాన్ని చెప్పడం ఆమె మానలేదు.

మరి ఎప్పుడూ చెప్పిందా? లేదు. 1942 ఫిబ్రవరిలో, జపానుతో యుద్ధం నడుస్తుండగా, అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వువల్ల అమెరికా పడమటి తీరంలోని సుమారు 1,20,000 మంది జపాను జాతివాళ్లను ఇళ్లనుండి తీసి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. ఎలినార్ ముందుగా భర్తను వద్దని వారించింది. ఉత్తర్వు వచ్చాక మాత్రం బయట ప్రజల్లో దాన్ని ఎదిరించలేదు. 1943లో ఆరిజోనాలోని గిలా రివర్ శిబిరానికి వెళ్లి చూసి, వీళ్లను విడిచిపెట్టడం మొదలుపెట్టమని చెప్పింది. అయినా ఆ మొదటి ఏడాది మౌనం మౌనమే. భర్తతో నాలుగు గోడల మధ్య పోరాడడం, వీధిలో అతని మాట నిలబెట్టడం, ఈ రెంటి మధ్య ఆమె నలిగిపోయింది. పెద్ద పదవిలో ఉన్న మనిషి ఇంట్లో బ్రతికే ప్రతివారికీ ఈ నలుగుడు తెలుసు.

1945 ఏప్రిల్ 12న ఫ్రాంక్లిన్ చనిపోయాడు. ఆయనతోబాటు ఆమె ఎరువు తెచ్చుకున్న అధికారం కూడా పోయింది. ఇక తన పని అయిపోయిందని ఆమే అనుకుంది. కాని కొత్త అధ్యక్షుడు ట్రూమన్ ఆ డిసెంబరులో ఆమెను ఐక్యరాజ్యసమితికి అమెరికా ప్రతినిధులలో ఒకరిగా నియమించాడు. తోటి మగ ప్రతినిధులు ఆమెను సాంఘిక, మానవతా విషయాలు చూసే మూడవ కమిటీలో వేశారు. అక్కడైతే పెద్దగా నష్టం చేయలేదని వాళ్ల ఆలోచన. కాని యుద్ధంలో ఊళ్లు పోగొట్టుకున్న కాందిశీకుల సమస్య ఆ కమిటీకే వచ్చింది. వాళ్లను ఇష్టం లేకపోయినా వెనక్కి పంపాలన్న సోవియట్ వాదనను ఆమె ఎదిరించి నిలిచింది.

తర్వాత ఆమె మానవ హక్కుల సంఘానికి అధ్యక్షురాలయింది. 18 దేశాల ప్రతినిధులు. లెబనానునుండి చార్లెస్ మాలిక్, చైనానుండి పి.సి. చాంగ్, ఫ్రాన్సునుండి రెనే కాసాఁ. మన భారతదేశంనుండి హంసా మెహతా. ఈ హంసా మెహతా మన రాజ్యాంగ సభలోనూ సభ్యురాలు. రాజమండ్రిలో పుట్టిన మన తెలుగు బిడ్డ దుర్గాబాయి గారు కూడా అదే సభలో కూర్చున్నారు. మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో ఇంగ్లీషులో 'ఆల్ మెన్' అని రాశారు. అందులో స్త్రీలూ కలిసే ఉన్నారు గదా అని ఎలినార్ మొదట అన్నది. కొన్ని దేశాల్లో దాన్ని మగవాళ్లని మాత్రమే అర్థం చేసుకుంటారని హంసా మెహతా పట్టుబట్టింది. చివరికి 'మానవులందరూ' అన్న అర్థం వచ్చే మాట చేరింది. గిన్నె మూత తీయడం నేర్పిన స్త్రీకి మాట మూత తీసి చూపించింది మన దేశపు స్త్రీ. 1948 డిసెంబరు 10న పారిస్‌లో 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. 8 దేశాలు ఓటు వేయకుండా ఊరుకున్నాయి. ప్రకటన ఆమోదం పొందింది. అందుకే డిసెంబరు 10 మానవ హక్కుల దినం.

అయితే ఆ గెలుపు ప్రక్కనే ఒక సంగతి ఉంది. దాన్ని దాచకూడదు. 1947లో నల్లవారి హక్కుల సంఘం తరఫున డు బోయ్స్ అనే పండితుడు, అమెరికాలో నల్లవారి దుస్థితి గురించి ఐక్యరాజ్యసమితికి ఒక విన్నపం సమర్పించాడు. ఆ సంఘం పాలక మండలిలో ఎలినార్ కూడా ఉంది. కాని అమెరికా ప్రతినిధిగా ఆమె ఆ విన్నపాన్ని బలపరచలేదు. సోవియట్ దేశం దాన్ని ఆయుధంగా వాడుకుంటుందని భయం. 1934లో భర్త వేసిన లెక్క గుర్తుందా? మంచిదే, కాని ఇప్పుడు కాదు అన్న లెక్క. కుర్చీ తన క్రిందికి వచ్చినప్పుడు ఆమె కూడా అదే లెక్క వేసింది.

నేను దీన్ని ఆమెను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ప్రక్కన నిలబడి గద్దించడం కష్టం. కూర్చుని వినడం ఇంకా కష్టం. కాబట్టి ప్రతి కుర్చీ ప్రక్కన, లోపలికి వెళ్లి చూసి వచ్చి చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఎలినార్ కుర్చీ ప్రక్కన కూడా అలాంటివారు ఉండవలసింది. డు బోయ్స్ అలాంటివాడే. ఆమె వినలేదు. ఇది మనందరికీ హెచ్చరిక.

1952లో ఆమె మన దేశానికి వచ్చి, గ్రామాలు, కళాశాలలు తిరిగి చూసి, మరుసటి ఏడు దాని గురించి ఒక పుస్తకం రాసింది. 1962 నవంబరు 7న, 78 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూసింది. హైడ్ పార్కులో, భర్త ప్రక్కన, గులాబీ తోటలో ఆమెను సమాధి చేశారు.

ప్రియ సహోదరీ సహోదరులారా, మనలో అధ్యక్షుల భార్యలు ఎవరూ లేరు. అయితే అధికారానికి దగ్గరగా ఉన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. సర్పంచి గారి భార్య ఉంది. తహశీల్దారు గారి భార్య ఉంది. హాస్టలు వార్డెను గారి ఇంటావిడ ఉంది. పాస్టరు గారి భార్య, మనం అమ్మగారు అని పిలుచుకునే ఆమె ఉంది. స్త్రీలకు స్థానిక సంస్థల్లో రిజర్వేషన్లు వచ్చాక భార్య సర్పంచిగా ఉండి, భర్త ప్రక్కన ఉన్న ఇళ్లూ ఉన్నాయి. ఆ భర్తల్లో కొందరు ప్రక్కన ఉండడం మాని, కుర్చీలోనే కూర్చుంటున్నారు. భార్య సంతకం, భర్త పెత్తనం. ఎలినార్ జీవితం వారికీ పాఠమే. ప్రక్కనున్నవారి పని కుర్చీ లాక్కోవడం కాదు. కుర్చీలో ఉన్నవారికి కనబడనిది చూసి వచ్చి చెప్పడం.

దగ్గరితనం చాలామంది ఎలా వాడుకుంటారో మనకు తెలుసు. తమ్ముడికి కాంట్రాక్టు, మేనల్లుడికి ఉద్యోగం, తమకు ముందు వరుసలో కుర్చీ. నాబోతు ద్రాక్షతోట కోసం యెజెబెలు వాడింది కూడా రాజు దగ్గరితనాన్నే. యోహన్న వాడింది కూడా అదే దగ్గరితనాన్ని. తేడా ఎక్కడుంది? ఆ దగ్గరితనం ఎవరి ఇంటి గుమ్మం ముందు ఆగింది అన్నదానిలో ఉంది.

ఈ వారంలో ఒక్క పని చేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. మీ మాట వినే అధికారి, పెద్ద, నాయకుడు ఎవరైనా ఉంటే, ముందు మీరు వెళ్లి చూడండి. గోడమీద పట్టిక చదివి వెనక్కి రాకండి. లోపలికి వెళ్లండి, మూత తీయండి, గరిటె పెట్టి చూడండి. చూసింది చూసినట్టు, పెంచకుండా, తగ్గించకుండా వచ్చి చెప్పండి. వాళ్లు వినవచ్చు, వినకపోవచ్చు. వినకపోతే, బర్మింగ్‌హామ్ సభలో ఆ దారి మధ్య వేసిన కుర్చీని జ్ఞాపకం చేసుకోండి.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.